ఎడమ వైపు పగులు

"దాన్ని ముట్టుకోవద్దు!" అన్నాడు వెల్బర్గ్ దొర.

అప్పటికే ముట్టుకున్నాడు గొట్లోబ్ రేబైన్. ముట్టుకోవడమేమిటి, పెట్టెలోంచి తీసి, కిటికీ పక్క బల్లమీద పెట్టి, కళ్ళజోడు కూడా సవరించుకుంటున్నాడు. డ్యూక్ ప్రభువు రాజధాని నుంచి పంపిన విచారణాధికారి ఆయన. వద్దన్న పని ముందు చెయ్యడం ఆయనకి ఉద్యోగం నేర్పిన విద్య కాదు, పుట్టుకతో వచ్చిన గుణం.

బల్లమీద ఉన్నది పిట్టల వేటకి వాడే పొడుగాటి చెకుముకి తుపాకీ. ముందు సగం నాశనమైపోయింది. ఎడమచెయ్యి పట్టుకునే చోట గొట్టం అడుగున చీలి, అక్కడి ఇనుము ఎగిరిపోయి, అక్రోటు కర్ర తునకలైంది. వెనక సగం మాత్రం నిన్న చేసినట్టే ఉంది. చెంప ఆనించే చోట ఒంపు, దాని కింద పొడిచిన సన్నటి వెండితీగ, గొట్టం మీద ఎగిరే కౌజుపిట్ట ముద్ర. రేబైన్‌కి మొదట తుపాకీ మీద జాలి వేసింది. చచ్చిపోయినవాడు మనిషి కదా అని గుర్తొచ్చి, సిగ్గుపడి, మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

చచ్చిపోయినవాడు లూడోల్ఫ్ చిన్నదొర, ప్రభువు తమ్ముడి కొడుకు. పోయిన వారం గురువారం పొద్దున కోట వెనక చెరువులో పడవెక్కి బాతుల మీద ఈ తుపాకీ పేల్చాడు. గొట్టం పగిలి ఇనుపముక్క గొంతులో దిగింది. ఒడ్డుకి తెచ్చేలోపే ప్రాణం పోయింది. తుపాకీ చేసినవాడు హాజెల్‌తాల్ ఊరి మేస్త్రి వాల్టిన్ రుట్సెల్. ఆ లోయలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కొలిమి ఉంటుంది, కానీ వాల్టిన్ చేసిన తుపాకీకి ఉన్న పేరు వేరు.

"చూడటానికేముందయ్యా ఇందులో?" వెల్బర్గ్ దొర చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. కోట వేటాధికారి ఆయన. ప్రభువు లేనప్పుడు కోటలో ఆయన మాటే శాసనం. "ముసలాడి చెయ్యి పట్టు తప్పింది. గొట్టం సరిగా అతకలేదు. పిల్లాడు పోయాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే తుపాకీ మేస్త్రీల సంఘంవాళ్ళు వాడి ముద్ర అచ్చుని దాగలి మీద పెట్టి సమ్మెటతో విరగ్గొడతారు. నువ్వు ఇంత దూరం గుర్రం అరగదీసుకుని రావడం అనవసరం."

"గుర్రం నాది కాదులెండి, ప్రభువుది," అన్నాడు రేబైన్. "ఎగిరిపోయిన ఇనుము ఎక్కడుంది?"

"చెరువులో. బురదలో. కావాలంటే దిగి వెతుక్కో."

"చలి తగ్గాక చూద్దాం."

ముద్ర విరగ్గొట్టడమంటే ఏమిటో రేబైన్‌కి తెలుసు. వాల్టిన్ తాత నాటి నుంచి కొడుతున్న ముద్ర అది. విరిగిందంటే ఆ ఇంటివాళ్ళెవరూ మళ్ళీ తుపాకీ మీద పేరు వేసుకోలేరు. అప్పటిదాకా చేసినవి కూడా ఆ రోజునుంచి ఊరూ పేరూ లేని ఇనుము కిందే లెక్క. ఆ వార్త మోసుకెళ్ళడానికా తనని పంపింది అనుకుంటూనే మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు.

"నీ భుజాన వేలాడుతున్నదేమిటో అది చెప్పు ముందు," అన్నాడు వెల్బర్గ్, పెదవి విరిచి. "కౌజుపిట్ట నాకు కనపడటం లేదనుకోకు. వాడి తుపాకీ భుజాన వేసుకుని వాడి తప్పు విచారిస్తావా? బాగుంది న్యాయం!"

"నాలుగేళ్ళు ఎదురుచూసి చేయించుకున్నానండీ. నా చెయ్యి, మెడ, చెంప, అన్నీ కొలిచి మరీ చేశాడు. దీని మంచీచెడూ నాకు తెలిసినంత మా ఆవిడ మంచీచెడూ కూడా తెలియదు." రేబైన్ తల ఎత్తి నవ్వాడు. "తమరి దగ్గర వాల్టిన్ తుపాకీ ఒక్కటీ లేదెందుకనో? ఇన్ని తుపాకులున్న గదిలో తమ పేరుతో ఒక్కటీ కనపడలేదు."

దొర మొహం ఎర్రబడింది. గోడవారగా నిలబడ్డ అస్ముస్, కోట తుపాకులు చూసుకునే ముసలి నౌకరు, ఉన్నట్టుండి నేలమీద ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"హెనింగర్ సంఘం పెద్ద కదా, అతని కొలిమి దగ్గర రెండు చలికాలాలు కూర్చుని పని నేర్చుకున్నవాణ్ణి నేను," అన్నాడు వెల్బర్గ్. "నా వంశంలో ఎవడూ ఆకురాయి పట్టలేదు, నేను పట్టాను. తుపాకీ అంటే ఏమిటో నాకు నువ్వూ వాల్టినూ నేర్పక్కర్లేదు."

అది మాత్రం ఒట్టి గొప్ప కాదు. మాట్లాడుతూనే ఆయన వేలు ఆ వెండితీగ వెంట ఎంత మెల్లగా నడిచిందో రేబైన్ చూశాడు. ఈ మనిషికి కూడా తనకున్న పిచ్చే ఉంది.

రేబైన్ మళ్ళీ తుపాకీ మీదికి వంగాడు. గొట్టాన్ని కర్రలో పట్టి ఉంచేవి అడ్డంగా దిగ్గొట్టిన సన్నటి ఇనుప చీలలు. ముందు రెండూ పేలుడులో పోయాయి. వెనకది ఉంది. కుడివైపు దాని చుట్టూ కర్ర నున్నగా ఉంది. ఎడమవైపు చీల పక్కన గోరంత చోట రంగు ఏదో తేడాగా కనిపించింది. గోటితో గీకాడు. గోటికి మెత్తగా ఏదో అంటుకుంది. వాసన చూశాడు. తేనెమైనం, అక్రోటు తొక్కల రంగు కలిపినది. అది ఊడిన చోట వెంట్రుకంత పగులు.

పేలుడులో పగిలిన కర్రని ఎవరూ కూర్చుని మైనంతో పూడ్చరు. ఇది అంతకుముందుది.

"అస్ముస్, ఈ గది తాళాలెన్ని?"

"రెండండయ్యా. ఒకటి నా దగ్గర, ఒకటి దొరవారి దగ్గర."

"ఈ తుపాకీ ఎప్పుడొచ్చింది?"

"ఆలుగడ్డలు తవ్వుతున్నప్పుడండి. చిన్నదొరగారికి ప్రభువు చేయించి ఇచ్చారు. కొత్త సంవత్సరం నుంచి వేటాధికారి పదవి ఆయనకే అని చెప్పి..." అస్ముస్ నాలుక్కరుచుకున్నాడు.

"ఆగావేం? చెప్పు," అన్నాడు వెల్బర్గ్, చల్లగా. "ఊరంతా తెలిసిందే. నన్ను దించి ఆ పిల్లాణ్ణి ఎక్కిస్తానన్నారు ప్రభువు. అయితే?"

"అయితే ఏం లేదండి," అన్నాడు రేబైన్. "అస్ముస్, దీన్ని నువ్వెప్పుడైనా విప్పావా?"

"అమ్మో! వాల్టిన్ మేస్త్రి తుపాకీని విప్పడమే! చేతికిచ్చేటప్పుడే చెప్తాడయ్యా ఆయన. గొట్టం బయటికి తియ్యాల్సొస్తే నా దగ్గరికే తీసుకురండి, ఇంకొకడు విప్పితే అది నాది కాదు అని. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్నాను, ఆయన తుపాకీ ఒక్కదాని చీల కూడా కదపలేదు. గొట్టంలో వేన్నీళ్ళు పోసి కడగడం, నూనె రాయడం, అంతే."

"విన్నావుగా వాడి పొగరు!" అన్నాడు వెల్బర్గ్. "అయినా నేను అన్యాయం చేసేవాణ్ణి కాదు. నిన్న సంఘంలో వాడో పరీక్ష కోరాడు. కాదనలేదు. ప్రభువుల సొంత తుపాకీ, వాడు చేసిందే, పొద్దున్నే కిందికి పంపించాను. ఇంకేం కావాలి?"

ఏం పరీక్షో రేబైన్ అక్కడ అడగలేదు. అది వాల్టిన్ నోటే వినాలనిపించింది.

వాల్టిన్‌ని సంఘం వాకిలి వెనక బొగ్గుల కొట్లో పెట్టారు. డెబ్భై దాటిన మనిషి బొగ్గు బస్తా మీద సింహాసనంలో కూర్చున్నట్టు కూర్చుని, పొగబెట్టిన మాంసం ముక్కని రొట్టెలో చుట్టుకుని తింటున్నాడు. రేబైన్‌ని చూసి లేవలేదు.

"మోకాళ్ళు లేవనివ్వవు బాబూ. ఇలా ఇవ్వు దాన్ని."

చెయ్యి చాపింది తుపాకీ కోసం. రేబైన్ భుజాన్నుంచి తీసి ఇచ్చాడు. ముసలాయన చెయ్యి తుడుచుకుని, చెకుముకి రాయి బిగించిన గుర్రం మీటని వెనక్కి లాగి చూసి, చెకుముకి చుట్టూ తోలు తడిమి, గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"బాగానే చూసుకుంటున్నావు. తోలు మార్చు, ఎండిపోయింది. ఊఁ, ఇక అడుగు."

"మీ గొట్టం ఎందుకు పగిలింది మేస్త్రీ?"

"నా గొట్టం పగలదు."

"అందరు మేస్త్రీలూ ఆ మాటే అంటారు."

"అందరివీ పగులుతాయి మరి," అన్నాడు వాల్టిన్, రొట్టె కొరుకుతూ.

రేబైన్‌కి నవ్వాగలేదు. "ఏదో పరీక్ష కోరారట?"

"కోరాను. ప్రభువు తుపాకీలో రెండింతలు మందు కూరి, రెండింతలు గుళ్ళు పోసి, సంఘమంతా చూస్తుండగా పేలుస్తానన్నాను. గొట్టం నిలబడితే నా ముద్ర నిలబడుతుంది. పగిలితే ముద్ర విరవండి, నన్ను కూడా పూడ్చెయ్యండి అన్నాను. గంట కొట్టగానే పేల్చడం."

"గోడకి కట్టి, తాడుతో దూరం నుంచి లాగొచ్చుగా? సంఘంలో గొట్టాల్ని పరీక్షించేది అలాగేగా?"

వాల్టిన్ అతనివైపు వింతగా చూశాడు. "నేను చేసిన తుపాకీకి నేనే భయపడి దూరంగా నిలబడ్డానని ఊరికి చూపించనా? చెంపకి ఆనించుకునే పేలుస్తాను."

ఇలాంటి మనిషిని కాపాడటం కంటే ఎడ్లబండిని మేడ ఎక్కించడం తేలిక అనుకున్నాడు రేబైన్. అనుకున్నాడే గాని, ఆ మాట విన్నప్పుడు తన ఛాతీ కూడా కాస్త పొంగింది. ఈయన చేసిన తుపాకీ తన దగ్గరుంది.

"మేస్త్రీ, ఆ పగిలిన తుపాకీలో వెనక చీల దగ్గర కర్ర చిట్లింది. మైనంతో కప్పెట్టారు."

నములుతున్న దవడ ఆగిపోయింది. "ఏ పక్క?"

"ఎడమ."

వాల్టిన్ రొట్టె పక్కన పెట్టాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. చిన్నదొర పోయాక అదే మొదటి నవ్వై ఉండాలి, దగ్గు కూడా వచ్చింది.

"విప్పారు! దాన్నెవడో విప్పాడు! విను బాబూ. ఈ లోయలో ప్రతివాడూ చీలని ఎడమ నుంచి దిగ్గొడతాడు. కాబట్టి విప్పేటప్పుడు కుడి నుంచి కొట్టి బయటికి తోస్తాడు. ఇక్కడ పని నేర్చుకున్న ఎవణ్ణి నిద్రలో లేపినా అలాగే విప్పుతాడు. నేను మాత్రం కుడి నుంచి దిగ్గొడతాను."

"ఎందుకు?"

"తుపాకీ చెంపకి ఆనించినప్పుడు మనిషికి కనపడేది ఎడమ పక్క. వాడు రోజూ చూసుకుని మురిసేది ఆ పక్కనే. అక్కడ నా సుత్తి పడకూడదు." ఆయన బొగ్గు మసి అంటిన వేలు ఎత్తి చూపించాడు. "చీల ఒక కొస లావు, ఒక కొస సన్నం. నా తుపాకీని కుడి నుంచి కొట్టావంటే లావు కొస లోపలికి దిగి ఎడమ పక్క కర్రని చీలుస్తుంది. ఊళ్ళోవాళ్ళలా విప్పినవాడే అలా పగలగొడతాడు. పని తెలియనివాడైతే నాలుగు వైపులా చూసి, భయపడి, వదిలేస్తాడు."

"పైనుంచి చూసి ఏది లావు కొసో చెప్పలేమా?"

"చెప్పనిస్తానా! రెండు కొసలూ ఒక్కలా రాసి రంగు పెడతాను."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. దేవుడికి. ఇప్పుడు నీకు."

"విప్పి ఏం చేసుంటాడు?"

వాల్టిన్ నవ్వు ఆగిపోయింది. "గొట్టం అడుగుభాగం కర్రలో దాక్కుని ఉంటుంది. అక్కడ ఆకురాయి పెట్టి పలచగా రాసేస్తే? పైనుంచి ఎవడికీ కనపడదు. ఎడమచెయ్యి పట్టే చోట రాస్తే మనిషి బతకడు." ఒళ్ళోని తుపాకీని రేబైన్‌కి తిరిగిచ్చేశాడు. "నా తుపాకీతో చంపించారయ్యా ఆ పిల్లాణ్ణి. కొలతలకి వచ్చినప్పుడు నా బల్లమీద కూర్చుని ఆపిల్ పండు తిన్నాడు."

రేబైన్ తుపాకీ భుజాన వేసుకుంటూ అడిగాడు. "వెల్బర్గ్ దొరకి మీరెందుకు చెయ్యలేదు?"

"మూడుసార్లు అడిగాడు. తుపాకీ మీద ఎంత ప్రేమ ఉన్నదో, తన మీద అంతకంటే ఎక్కువ ఉంది. నా ముద్ర కొట్టే చోట తన వంశచిహ్నం చెక్కమన్నాడు. గుమ్మం అటుంది దొరా అన్నాను."

రేబైన్ కొండ ఎక్కి మళ్ళీ కోటలోకి వచ్చేసరికి రొప్పుతున్నాడు. సాక్ష్యం చెరువు బురదలో ఉంది. చేతిలో ఉన్నది వెంట్రుకంత పగులు. తాళాలున్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఈ లోయలో పని నేర్చుకున్నవాళ్ళే. ఒక్క మార్గం ఉంది, దానికి కావలసిన సరుకు తన భుజానే ఉంది. అది తలుచుకుని తుపాకీ పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

"మళ్ళీ వచ్చావా?" వెల్బర్గ్ దొర తుపాకుల గదిలోనే ఉన్నాడు.

"ఒక్క అనుమానం తీర్చుకుని పోతానండి. వాల్టిన్ గొట్టాన్ని కర్రలో ఎలా కూర్చాడో చూడాలి. అస్ముస్, ఇది విప్పు." తన తుపాకీని బల్లమీద పెట్టాడు.

అస్ముస్ రెండడుగులు వెనక్కి వేశాడు. "మేస్త్రి చంపేస్తాడయ్యా!"

"తిట్లు నేను తింటాను. అందరి తుపాకులూ ఎలా విప్పుతావో అలాగే విప్పు, చాలు."

"నీ సొంత తుపాకీ!" వెల్బర్గ్ ఆశ్చర్యంగా దగ్గరికొచ్చాడు. చూపు దానిమీద పడి ఇక కదల్లేదు. "పొడవాటి మెడ చూసి చేశాడు దీన్ని... ఒంపు చూడు... నీలాంటి వాడికా చేశాడు దీన్ని!"

అస్ముస్ తుపాకీని కుడిపక్క పైకి వచ్చేలా తోలు మీద పడుకోబెట్టాడు. సన్నటి ఉలి తీసి వెనక చీల మీద నిలబెట్టాడు. కుడివైపున. చెయ్యి తడబడలేదు, కళ్ళు వెతకలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వీడు కాదు, అనుకున్నాడు రేబైన్. ఒకసారి పగలగొట్టినవాడు మళ్ళీ ఇలా పెట్టడు.

అక్కడే ఆపమనవచ్చు. ఆపితే మిగిలిన సగం తేలదు. రేబైన్ పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

సుత్తి లేచింది. టప్. చీల కదల్లేదు.

"గట్టిగా బిగిసిందయ్యా."

"ఇంకాస్త గట్టిగా కొట్టు," అన్నాడు రేబైన్. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ముచ్చెమటలు పోస్తున్నాయి. నాలుగేళ్ళ ఎదురుచూపు, ఇంకో దెబ్బకి చీలిపోతుంది. దొర మొహంలోకి చూశాడు. అక్కడా చెమటే ఉంది.

సుత్తి ఇంకాస్త ఎత్తు లేచింది.

"ఆగరా దద్దమ్మా!" గది దద్దరిల్లేలా అరిచాడు వెల్బర్గ్. "అటునుంచి కాదు, కర్ర చీలుతుంది! ఇటివ్వు!"

అస్ముస్‌ని భుజంతో నెట్టేసి, పసిబిడ్డని ఎత్తినట్టు తుపాకీని ఎత్తి రెండో పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఉలి ఎడమ పక్క పెట్టి సుతారంగా రెండు దెబ్బలు వేశాడు. చీల జారి ఆయన అరచేతిలో పడింది. దాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ఇదీ పని అంటే అన్నట్టు ఇద్దరివైపూ చూశాడు. ఆ క్షణంలో ఆయన మొహంలో ఎంత గర్వం ఉందంటే, రేబైన్‌కి కొంచెం జాలి వేసింది.

రేబైన్ చీలని చూడలేదు, దొరనే చూస్తున్నాడు. ఆ చూపుతోనే దొరకి సంగతి అర్థమవడం మొదలైంది.

"చక్కగా తీశారండీ," అన్నాడు రేబైన్ మెల్లగా. "ముప్ఫై ఏళ్ళుగా ఈ తుపాకుల మధ్య ఉన్న అస్ముస్‌కి తెలియని సంగతి తమరికెలా తెలిసింది?"

"చూస్తే తెలుస్తుంది."

"చూడండి మరి. ఇంకా రెండు చీలలున్నాయి. లావు కొస ఏదో చూపించండి."

వెల్బర్గ్ చూడలేదు. "హెనింగర్ నేర్పాడు."

"హెనింగర్ నేర్పింది కుడి నుంచి కొట్టమని. ఈ ఊళ్ళో అందరూ నేర్చుకున్నది అదే. మొదట తమరూ అలాగే కొట్టారు, చిన్నదొర తుపాకీ మీద. ఎడమ పక్క పగిలాక గాని తెలియలేదు. దానికి మైనం పూశారు. కొత్త సంవత్సరానికి పోయే పదవి నిలబడుతుంది, పైగా గుమ్మం చూపించిన మేస్త్రి మీదికే నింద వెళ్తుంది. తప్పించుకునేవారే! అస్ముస్ సుత్తిని పడనిచ్చి ఊరుకుంటే చాలు, నా దగ్గర ఏ ఆధారమూ లేదు."

వెల్బర్గ్ దొర అరచేతిలో చీలని పట్టుకునే ఉన్నాడు. "అలాంటి తుపాకీని పాడుచేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాడయ్యా మనిషి?" అన్నాడు, నిజంగానే అడుగుతున్నట్టు.

ఆ పని తనూ చెయ్యలేడని రేబైన్‌కి తెలుసు. కానీ ఆయన చూపు దొర చేతుల మీదే ఆగింది. ఉలి పెట్టిన తీరు, రెండే రెండు దెబ్బలు, చీలని పట్టుకోవడానికి ముందే చాచిన అరచెయ్యి. ఒక్కసారి, అదీ తప్పుగా విప్పినవాడి చేతులు కావవి. ఆ తర్వాత సరిగ్గా విప్పి అలవాటైన చేతులు.

"అస్ముస్! ప్రభువుల తుపాకీ నిన్న ఈ గదిలోనే ఉందా?"

"లేదయ్యా. పరీక్షకి పంపాలి, నేనే తుడుస్తానని దొరవారు సాయంత్రం తమ గదికి తీసుకెళ్ళారు. పొద్దున్న తెచ్చిచ్చారు."

వెల్బర్గ్ నవ్వాడు. "దాని కర్ర పగల్లేదు. ఒక్క గీత కూడా పడలేదు," అన్నాడు.

కింద లోయలో మధ్యాహ్నం గంట మొదలైంది.

రేబైన్ అస్ముస్‌ని రెక్క పట్టుకుని బయటికి లాగి, తలుపు మూసి, బయటి ఇనుప గడియ అడ్డంగా దించాడు. "ఇక్కడ కూర్చో. ప్రభువు వచ్చినా సరే తియ్యకు!" అంటూనే పరిగెత్తాడు.

కొండదారి రాళ్ళన్నీ జారుడు. ఒకసారి పడ్డాడు, కళ్ళజోడు పోయింది, వెతుక్కోలేదు. గంట మోగుతూనే ఉంది. దాని మధ్యలో ఎక్కడ పేలుడు వినపడుతుందో అని చెవులు రిక్కించి పరిగెత్తాడు. ఆ పొగరుబోతు ముసలాడు చెంపకి ఆనించుకునే పేలుస్తాడు. రెండింతల మందు. తాడు కట్టమంటే వినలేదు. ప్రతి అడుగుకీ ఆయన్ని తిట్టుకున్నాడు, ప్రతి తిట్టు వెనకా దేవుడికి మొక్కుకున్నాడు.

గంట ఆగింది. పేలుడు వినపడలేదు.

రేబైన్ సంఘం వాకిట్లోకి వచ్చి పడేసరికి ఊరి మేస్త్రీలంతా అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో దాగలి, దానిమీద ముద్ర అచ్చు, పక్కన సమ్మెట పట్టుకుని సంఘం పెద్ద హెనింగర్. ఆ ఎదురుగా వాల్టిన్. తుపాకీ చెంపకి ఆనించే ఉంది, గుర్రం వెనక్కి లాగే ఉంది. రేబైన్ నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

వాల్టిన్ బొటనవేలు గుర్రం మీద పడింది. దాన్ని మెల్లగా ముందుకి దించి, తుపాకీని కిందికి దించాడు.

గుంపులో గుసగుస లేచింది. ఎవరో నవ్వారు. హెనింగర్ మొహం వాడిపోయింది. "ఏమిటి వాల్టిన్? చెయ్యి వణికిందా?"

"వణకలేదు. తుపాకీ తూగలేదు." వాల్టిన్ ఎడమ అరచేతి మీద తుపాకీని అడ్డంగా నిలబెట్టాడు. అది భుజానికి ఆనే మడమ వైపు మెల్లగా ఒరిగింది. "నేను చేసింది ఇక్కడ పెడితే నిలబడుతుంది, ఎప్పుడైనా. దీని ముందుభాగంలో ఇనుము తక్కువైంది. ఎవడో దొంగిలించాడు."

"భయమేసిందని చెప్పు తాతా!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. ఈసారి చాలామంది నవ్వారు. హెనింగర్ తల అడ్డంగా ఊపి, ఇష్టం లేకుండానే సమ్మెట ఎత్తాడు. వాల్టిన్ బతిమాలలేదు. తల దించలేదు. ఆయన చూస్తున్నది సమ్మెట వైపు కూడా కాదు, చేతిలోని తుపాకీ వైపే.

"విప్పండి!" రేబైన్‌కి అప్పటికి గొంతు వచ్చింది. దాగలికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. "ప్రభువుల ఆజ్ఞ! ముందు మందు బయటికి తీసి, దాన్ని విప్పండి. ఎడమ పక్కనుంచి. కుడి నుంచి కొట్టారంటే పగులుతుంది!"

"ఎడమ నుంచా?" హెనింగర్ తెల్లబోయి వాల్టిన్ వైపు చూశాడు.

"ఇన్నేళ్ళ రహస్యం, ఊరంతా చాటేశావు కదయ్యా," అని గొణిగాడు వాల్టిన్. అయినా చెయ్యి చాపి ఉలి అందుకున్నాడు.

మందూ గుళ్ళూ లాగేశాక మూడు చీలలూ తీశాడు. హెనింగర్ సమ్మెట పక్కన పెట్టి, గొట్టాన్ని కర్రలోంచి పైకి లేపి తిరగేశాడు. ఎడమచెయ్యి పట్టే చోట అడుగున జానెడు మేర ఆకురాయి గీతలు తళతళమంటున్నాయి. లోతుగా, పల్లంగా, అడ్డదిడ్డంగా. ఖాళీలో నల్లటి మైనం కూరి ఉంది. హెనింగర్ దానిమీద బొటనవేలు పెట్టి చూశాడు. అక్కడ మిగిలిన ఇనుము రేకు మందం కూడా లేదు. ఆయన చటుక్కున తల ఎత్తాడు.

"ఎవడు?" అన్నాడు.

"మీ దగ్గర రెండు చలికాలాలు నేర్చుకున్నవాడు," అన్నాడు రేబైన్. "పైన గడియ వేసి వచ్చాను."

గొట్టం చేతులు మారింది. ప్రతి మేస్త్రీ వేలు పెట్టి చూసి, పక్కవాడికిచ్చి, వాల్టిన్ ముందు టోపీ తీశాడు. వెనకనుంచి అరిచినవాడు అందరికంటే ముందు తీశాడు. హెనింగర్ దాగలి మీది ముద్ర అచ్చుని తీసి, తన తోలుగుడ్డతో తుడిచి, రెండు చేతులతో వాల్టిన్‌కి అందించాడు.

"నీ ముద్ర నిలబడింది, వాల్టిన్."

వాల్టిన్ అచ్చుని జేబులో వేసుకున్నాడు. గొట్టం తనవైపు తెమ్మన్నాడు. దాన్ని కౌజుపిట్ట పైకి వచ్చేలా దాగలి మీద పెట్టి, హెనింగర్ సమ్మెట అడిగి తీసుకున్నాడు.

"మేస్త్రీ, అది ప్రభువులది!" అన్నాడు రేబైన్.

"ప్రభువులకి ఇంకోటి చేసిస్తాను. ఇది ఇప్పుడు నాది కాదు."

డెబ్భై దాటిన చేతులు సమ్మెటని నెత్తిమీదికి ఎత్తాయి. తన ముద్ర ఉన్న చోట, గురి తప్పకుండా, ఒకే దెబ్బ వేశాడు.